కేర్ హోమ్ పని, నడుం నొప్పి, ఆస్టియోపతి

బ్రిటన్‌లోని లెస్టర్‌లో కేర్ హోమ్ పని చేసే మనవాళ్లలో ఎవరిని పలకరించినా నడుం నొప్పి మాటే వస్తుంది. మంచం పట్టిన పెద్దవాళ్లను పక్కకు తిప్పాలి, లేపి కూర్చోబెట్టాలి, బట్టలు మార్చాలి. షిఫ్టంతా వంగుతూనే ఉంటాం. నాకు నడుం పట్టేసినప్పుడు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) పరీక్షించి, కంగారేం లేదని ఫిజియోథెరపీకి రాశారు. ఆ పిలుపు వచ్చేలోపు తోటి నర్సు సలహా మీద, చేతులతో వైద్యం చేసే ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లాను.

"పుత్తూరు కట్టు లాంటిదా?" అని ఫోన్‌లో అమ్మ అడిగింది. కాదు, విరిగిన ఎముకల జోలికి వీళ్లు వెళ్లరు. 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అమెరికాలో ఈ చదువు చదివినవాళ్లు మందులు రాసే, ఆపరేషన్లు చేసే పూర్తి స్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో మాత్రం ప్రధానంగా చేతులతో చేసే వైద్యం. 1993లో వచ్చిన చట్టం వల్ల జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో నమోదైనవాళ్లే ఆస్టియోపాత్ అని చెప్పుకోవాలి. ఆ జాబితాలో పేరు చూసుకున్నాకే వెళ్లండి.

నేను వెళ్లిన ఆస్టియోపాత్ మొదట చాలాసేపు ప్రశ్నలే అడిగారు. తర్వాత నిలబెట్టి, వంచి, వెన్ను పొడవునా బొటనవేలితో నొక్కుతూ వచ్చారు. బిగుసుకున్న కండరాలను సాగదీశారు. పక్కకు పడుకోబెట్టి ఒక్కసారి తిప్పితే టక్కుమంది. అది ఎముక జరిగిన చప్పుడు కాదట, కీలులోని ద్రవంలో ఏర్పడే గాలి బుడగ వల్లనట. మర్నాడు ఒళ్లు కాస్త పచ్చిపుండులా అనిపించింది కానీ, వంగి బూటు లేసు కట్టుకోగలిగాను.

ఫీజు మాకు దాదాపు నాలుగు గంటల జీతం. కాబట్టి దేనికి పనికొస్తుందో తెలుసుకునే వెళ్లాలి. నడుం నొప్పికి కొంత ఉపశమనం ఉంటుంది. అది కూడా వ్యాయామంతో కలిపితేనే అని వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే ఇక్కడి నైస్ సంస్థ 2016లో చెప్పింది. ఆస్తమా, పీరియడ్ నొప్పులు కూడా తగ్గిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, దానికి సరైన ఆధారాలు లేవు.

నాకు ఎక్కువ మేలు చేసింది ఆయన చెప్పిన చిన్న మార్పు. మనిషిని తిప్పే ముందు మంచాన్ని నా నడుం ఎత్తుకి లేపడం, స్లైడ్ షీట్ (మనిషిని సులువుగా జరపడానికి కింద వేసే జారుడు గుడ్డ) తప్పకుండా వాడటం. రష్‌లో ఇవే ముందు వదిలేస్తాం.

ఒక్క జాగ్రత్త. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా, రెండు కాళ్లూ బలహీనపడినా ఆస్టియోపాత్ కోసం చూడకండి. షిఫ్ట్ మధ్యలో ఉన్నా సరే, నేరుగా ఎ అండ్ ఈకి, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.