ఆ తెల్ల కాగితం

నిన్న రాత్రి అపార్ట్‌మెంట్ మీటింగ్ అయ్యాక నిద్ర పట్టలేదు. అందరం కలిసి దాచుకున్న కార్పస్ ఫండ్ ఎఫ్‌డీని ఎప్పుడో బ్రేక్ చేసి వాడేశారు. ప్రెసిడెంట్ గారు ప్లాస్టిక్ కుర్చీలో తల దించుకుని కూర్చున్నారు. కరోనా టైంలో ఇంటింటికీ మందులు, కూరగాయలు మోసుకొచ్చి ఇచ్చిన మనిషి ఆయన. అందుకే ఇంత బాధ.

నాకు మూడేళ్ల కిందటి బోరు మోటారు రిపేరే గుర్తొస్తోంది. రసీదు పోయిందని తెల్ల కాగితం మీద ఆయనే 1,800 అని రాశారు. "ఏం కాదులే తమ్ముడూ, సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను. తర్వాత్తర్వాత ఖర్చులకు అలాంటి కాగితం రాయడం కూడా మానేశారు. మేమూ అడగలేదు, మంచాయనే కదా అని.

సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు కంపెనీ లెక్కల్లో చేసిన మోసాన్ని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రాసిన లేఖ పొద్దున మళ్లీ చదివాను. అసలు లాభానికీ, లెక్కల్లో చూపినదానికీ మొదట్లో ఉన్నది చిన్న తేడానేనట. అదే ఏళ్ల తరబడి పెరిగిందని, చివరికి పులి మీద స్వారీ అయిందని, దిగితే అది తినేస్తుందన్న పరిస్థితి వచ్చిందని ఆయనే ఒప్పుకున్నారు. అప్పటికి లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు ఉన్నట్టు చూపించారు. 2015లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు 7 ఏళ్ల శిక్ష వేసింది, ఆయన అప్పీలుకు వెళ్లారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 'చిన్న తేడా' అన్న మాటే. ఆ రోజు పక్కనున్నవాళ్లు ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే?

ఆదివారం పాత ఫైళ్లన్నీ అందరి ముందూ పెడుతున్నాం. ఆ 1,800 కాగితంతోనే మొదలుపెట్టమని చెప్పాను. కింద నా సంతకం ఉంది.