వెర్టిగోకి ఆక్యుపంక్చర్: నా అనుభవం

తల తిరుగుతోందని చెబితే చాలామంది "కాసేపు పడుకో, తగ్గిపోతుంది" అంటారు. నాకు పడుకుంటేనే వచ్చేది. కుడివైపు ఒత్తిగిల్లితే చాలు, గది మొత్తం గిర్రున తిరిగేది. నిమిషంలోపే ఆగిపోయేది గానీ, ఆ తర్వాత గంటల తరబడి వికారం, మెడ పట్టేయడం. లేచి నడిస్తే పరుపు మీద అడుగులేస్తున్నట్టు ఉండేది.

ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కే చూపించుకున్నాను. తల తిరగడానికి కారణాలు చాలా ఉంటాయి. ఏదో తేలకుండా ఆక్యుపంక్చర్ సూదుల దగ్గరికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. మాట తడబడటం, మూతి ఒకవైపు లాగేయడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చేయో కాలో పట్టు తప్పడం... తల తిరుగుడుతో పాటు వీటిలో ఏది ఉన్నా అది పక్షవాతం కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా అదే రోజు డాక్టర్‌ని కలవాలి.

డాక్టర్ నన్ను కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి నా కళ్లనే చూస్తూ ఉండిపోయారు. కనుగుడ్లు వాటంతటవే అదరడం చూసి బీపీపీవీ అని, అంటే తల భంగిమ మారినప్పుడు వచ్చే తల తిరుగుడని తేల్చారు. లోపలి చెవిలో ఒకచోట అంటిపెట్టుకుని ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ రేణువులు ఊడి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి జారతాయట. తల కదిలించినప్పుడల్లా అవి అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి, మనం తిరుగుతున్నామని మెదడు అనుకుంటుంది. ఎప్లీ అనే పద్ధతిలో తలని వరసగా కొన్ని భంగిమల్లో ఆపుతూ ఆ రేణువుల్ని వెనక్కి పంపించారు. గది తిరగడం ఆగిపోయింది.

తూలుడు మాత్రం ఆగలేదు. వికారం, మెడ బిగుసుకుపోవడం, తల తిప్పాలంటే భయం, అన్నీ అలాగే ఉన్నాయి. ఎప్లీ తర్వాత కొందరికి కొన్నాళ్లు ఇలాగే ఉంటుందని చెప్పి, డాక్టర్ బ్యాలెన్స్ వ్యాయామాలు రాసిచ్చారు. ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా అని అప్పుడే అడిగాను. వ్యాయామాలు మానకుండా చేయించుకోండి అన్నారు.

చైనా వైద్యం చేసే ఆవిడ సూది తీసేముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. చెవిలో హోరు ఉందా, నిద్ర ఎలా ఉంది, తిన్నది అరుగుతోందా, తల తేలిగ్గా ఉంటోందా బరువుగానా? రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లు పెట్టి నాడి చూశారు. నాలుక చాపమన్నారు. దాని మీద తెల్లగా, జిగురుగా పూత ఉందని, నాది కఫం వల్ల వచ్చిన తల తిరుగుడని చెప్పారు. వాళ్ల ప్రాచీన గ్రంథం హువాంగ్‌డీ నెయ్‌జింగ్ తల తిరగడాన్ని కాలేయంతో ముడిపెట్టింది. 14వ శతాబ్దపు వైద్యుడు జు డాన్‌షీ కఫం లేనిదే తల తిరగదన్నాడు. తర్వాతి కాలంలో జాంగ్ జింగ్‌యుయే నీరసాన్నే అసలు కారణంగా పట్టుకున్నాడు. వాళ్లు చెప్పే కాలేయం, కఫం మన స్కానింగ్ రిపోర్టులో కనిపించేవి కావని ఆవిడే స్పష్టంగా చెప్పడం నాకు నచ్చింది.

ఒక్కసారి వాడి పారేసే సూదుల ప్యాకెట్ నా కళ్లెదుటే విప్పారు. వెల్లకిలా పడుకోవాలంటే నాకు భయమని తెలిసి, తల వైపు ఎత్తు పెట్టి నెమ్మదిగా వాల్చారు. సూదులు గుచ్చిన బిందువులివి: నడినెత్తిన బైహుయి, పుర్రె కింద మెడకి రెండు పక్కలా ఉండే గుంటల్లో ఫెంగ్‌చి, ముంజేతి లోపలివైపు మణికట్టు గీతకి మూడు వేళ్ల పైన రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య నెయ్‌గువాన్, కఫానికని పిక్క బయటివైపు ఫెంగ్‌లాంగ్. దిగేటప్పుడు చీమ కుట్టినంత కూడా తెలియలేదు. కాలి మీది సూదిని ఆవిడ వేళ్లతో అటూ ఇటూ మెలిపెట్టాక మాత్రం లోపల ఒక బరువు, ఒక లాగుడు మొదలై పాదం వైపు పాకింది. అలా తెలియాలట, దాన్ని "డె చి" అంటారు. మెడ దగ్గర సూదులున్నంతసేపూ తల కదపనివ్వలేదు. ఫెంగ్‌చి దగ్గర సూది లోతు, దిశ తప్పితే ప్రమాదం కాబట్టి శిక్షణ ఉన్నవాళ్ల చేతే చేయించుకోవాలి.

ముందు తగ్గింది వికారం. తర్వాత మెడ వదులైంది, దాంతో నిద్ర పట్టింది. తూలుడు మాత్రం చాలా నెమ్మదిగా తగ్గింది. అందులో ఎక్కువ వాటా వ్యాయామాలదే అనుకుంటాను. గోడ మీద ఒక అక్షరం అంటించి, దాని మీంచి చూపు తిప్పకుండా తలని అటూ ఇటూ ఆడించడం నా రోజువారీ పని. వికారం తగ్గకపోతే అది చేయగలిగేదాన్ని కాదు, రెండు నిమిషాలకే కడుపులో తిప్పేసేది. సూదులు నాకు చేసిన అసలు మేలు ఇదే. పరిశోధనల్లోనూ, ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి నెయ్‌గువాన్ బిందువు పనిచేస్తుందనడానికి ఉన్నంత బలమైన ఆధారం వెర్టిగోకి లేదు.

మూలికల కషాయం కూడా రాశారు, బాన్‌షియా బాయ్‌జు టియాన్‌మా టాంగ్ అని. నేను బీపీ మాత్రలు వేసుకుంటాను కాబట్టి అందులో ఏమేమున్నాయో రాయించుకుని నా డాక్టర్‌కి చూపించాను. జాబితాలో అతిమధురం ఉంది. అది ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సంగతి చెప్పగానే ఆవిడ ఏ పంతమూ లేకుండా అతిమధురం తీసేసి ఇచ్చారు. మూలికల పేర్లు చెప్పకుండా పొడి పొట్లాలు చేతిలో పెట్టేవాళ్ల దగ్గర దయచేసి తీసుకోకండి. కొన్ని చైనా మూలికల్లో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను శాశ్వతంగా పాడుచేస్తుంది.

బీపీపీవీ మళ్లీ మళ్లీ వచ్చే రకం. నాకూ మళ్లీ వచ్చింది. ఈసారీ ముందు ఎప్లీ చేయించుకుని, మిగిలిన వికారానికి, మెడకి సూదులు వేయించుకున్నాను. అక్షరం కాగితం గోడ మీద ఇంకా ఉంది కాబట్టి వ్యాయామం ఆ రోజే మొదలుపెట్టాను.