పెనుకొండ పక్కన కుక్కల తోట

లేపాక్షి బసవన్నను చూసి, వేలాడే స్తంభం కింద తువ్వాలు అటునుంచి ఇటు లాగి, చీకటి పడేలోగా బెంగళూరు చేరిపోవడం ఈ దారిన వచ్చే చాలామంది చేసే పని. మేమూ బసవన్నను చూశాం. కానీ మా కారు డిక్కీ నిండా సెలైన్ బాటిళ్లు, డ్రిప్ సెట్లు, పాత దుప్పట్లు ఉన్నాయి. నా ఒళ్లో ఐస్ పెట్టె, అందులో రేబిస్ టీకాలు. నా స్నేహితురాలు పశువుల డాక్టరు. వీలైనప్పుడల్లా పెనుకొండ అవతల ఒక పల్లెకు వచ్చి అక్కడి మూగజీవాల ఆశ్రమంలో ఉన్న కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసి పోతుంది. ఈసారి నేనూ తోడు వచ్చాను.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు పెనుకొండ. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అందరికీ ఆనవాలు కియా కార్ల ఫ్యాక్టరీ. 44వ నంబరు జాతీయ రహదారి దిగి మట్టిరోడ్డెక్కితే బీడు పడ్డ వేరుశనగ చేలు, గుట్టల మీద సీతాఫలం పొదలు. ఆ తర్వాత చుట్టూ ముళ్లకంచె, రెండు రేకుల షెడ్లు, ఒక పెంకుటిల్లు. బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదట, పీకేశారు. బోర్డున్నన్నాళ్లూ రాత్రిపూట గేటుకు కుక్కల్ని కట్టేసి పోయేవాళ్లు ఎక్కువయ్యారట.

నడిపేది రిటైరైన ఒక టీచరమ్మ, ఆర్టీసీలో కండక్టరుగా చేసిన ఆవిడ భర్త. ఊళ్లో అందరికీ ఆవిడ ‘కుక్కల టీచరమ్మ’. మేం అక్కా అన్నాం. నలభై దాకా కుక్కలు, పదీ పన్నెండు పిల్లులు, జీతానికి ఒక కుర్రాడు. లోపలికి అడుగు పెట్టగానే అక్క మా చెప్పులు విప్పించి, బ్లీచింగ్ పౌడరు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచమంది. పార్వో అనే ప్రాణాంతక వైరస్ రోగం వచ్చిన కుక్కపిల్లలు ఉండి పోయిన నేల అది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి చావదు. ఫినాయిల్ వాడితే సులువు కదా అన్నాను. “పిల్లులుండాయి కదప్పా, ఫినాయిల్ వాటికి విషం” అంది. అందుకే అక్కడ ఎటు చూసినా బ్లీచింగ్ వాసనే.

వంట పొద్దున్నే మొదలవుతుంది. పెద్ద డేక్సాలో నూకలు, రాగిపిండి, కోడికాళ్లు, తలకాయలు, చిటికెడు పసుపు. ఉప్పు లేదు, ఉల్లిపాయ అసలే లేదు. కోళ్ల అంగడాయన మిగిలినవన్నీ గోతం సంచిలో కట్టి ఉంచుతాడు. ఆదివారం వస్తే దండిగా దొరుకుతాయి. కార్తీకమాసమే గడ్డుకాలం. ఊరంతా మాంసం మానేస్తే వీటికీ ఉపవాసమే అని అక్క వాళ్లాయన నవ్వాడు. ఆ నెల కోసం గుడ్లు ముందే మాట్లాడి పెట్టుకుంటారు. చూడవచ్చిన వాళ్లు తెచ్చే బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం గుట్టగా ఒక మూల పడి ఉన్నాయి. వాటిని కుర్రాడు టీలో ముంచుకుని తింటున్నాడు.

ఆ రోజు మొదటి పేషెంటు మెడ మీద పుండున్న ముసలి కుక్క. పేరు కర్రోడు. గొర్రెల మంద దగ్గర కావలికి ఉండేవాడట, తాడు ఒరుసుకుని గాయమై పురుగులు పట్టాయి. దూది పట్టీతో మూతి కట్టి, కుర్రాడు తలను తొడ మీద పెట్టుకున్నాడు. డాక్టరు టర్పెంటైన్ నూనెలో తడిపిన దూదిని పుండులో కుక్కి ఆగింది. కాసేపటికి ఊపిరి ఆడక పురుగులు ఒక్కొక్కటే పైకి రావడం మొదలుపెట్టాయి. చిన్న చిమ్టాతో ఏరి స్టీలు గిన్నెలో వేస్తోంది. గిన్నె అడుగు కనిపించకుండా పోయింది. నేను మొహం తిప్పుకున్నాను. అక్క తిప్పుకోలేదు. “లోపల సంచి ఉంటాది, ఆడ చూడు” అని టార్చి వేసి చూపిస్తోంది. డాక్టరు లేనప్పుడు ఈ పని ఎలా అంటే సీతాఫలం ఆకు నూరి పెడతారట. ఎద్దుల పుండ్లకు వాళ్ల నాయన పెట్టేవాడు. ఆ పసరు కంట్లో పడకూడదని మాత్రం గట్టిగా చెప్పింది.

ఇక్కడ నాకు అర్థమైన సంగతి, కరువు తిండికి కాదు, వైద్యానికి. ఆ మండలం పశువుల ఆసుపత్రి డాక్టరు మంచివాడే, కానీ ఆయన చేతిలో ఎన్నో ఊళ్ల బర్రెలు, గొర్రెలు ఉన్నాయి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం కూడా ముఖ్యంగా పాడి పశువుల కోసమే. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు కాబట్టి ఆ రోజు ఆటో మాట్లాడుకుని ఎన్నిటిని తీసుకుపోగలిగితే అన్నిటిని తీసుకుపోతారు. గోమార్లు కుట్టి వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేయించాలంటే అనంతపురం పోవాలి. అంత దూరం పోలేక, చిగుళ్లు తెల్లబడ్డాయా అని పెదవి ఎత్తి చూసి డాక్సీసైక్లిన్ అనే మందు మొదలుపెడతారు. డాక్టరు ఫోన్‌లో అవునంటేనే. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటేమో ఎప్పుడు పోతుందో తెలీదు. ఫ్రిజ్‌లో సగం చోటు గడ్డకట్టిన నీళ్ల సీసాలదే.

కుక్క కరిచినా ఊళ్లోవాళ్లు ముందు ఇక్కడికే వస్తారు, కరిచింది ఏ ఊరి కుక్కైనా సరే. ఒకప్పుడు ఆకు పసరు పూయించుకుని ఊరుకునేవాళ్లట. ఇప్పుడు అక్క కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించి, బండెక్కించి ఆసుపత్రికి పంపిస్తుంది. మిగతా సూదులకు కూడా పోయారో లేదో అడగడం వాళ్లాయన పని. కండక్టరు కదా, లెక్క తప్పడు.

మామిడిచెట్టు కింద గుంట తవ్వి, తడి గోనెసంచి పరిచిన చోట నీలికళ్ల హస్కీ పడుకుని రొప్పుతోంది. మంచు దేశపు జాతి అది, ఇది రాయలసీమ. హైవే మీద డాబా దగ్గర దొరికిందట. మెడకు ఖరీదైన తోలు పట్టీ ఉంది. పేరున్న బిళ్లను మాత్రం కోసి తీసుకుపోయారు. ఇలాంటివి బెంగళూరు వైపు నుంచే ఎక్కువ వస్తాయని అక్క వాళ్లాయన అన్నాడు. జంతు హింస నివారణ చట్టం 1960 ప్రకారం ఆకలిదప్పులకు అలమటించేలా జంతువును వదిలేసి పోవడం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. ఆ కోసుకుపోయిన బిళ్ల ఖరీదే అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

హస్కీకి ఇల్లు దొరుకుతుంది. ఫొటో పెడితే చాలు, ఫోన్లు మోగుతాయి. అక్క బాధల్లా నాటు ఆడకుక్కల గురించి. పిల్లల్లో మగవాటిని ఏరుకుని పోతారు, ఆడవి మిగులుతాయి. రెండు నెలల పైచిలుకు చూలు, ఏడాదికి రెండు ఈతలు. ఎన్నని సాకుతారు? అందుకని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాని కుక్కను ఎవరికీ ఇచ్చి గేటు దాటనివ్వదు. వీధి కుక్కలనైతే ఆపరేషన్ చేయించి, చెవి కొస కత్తిరించిన గుర్తుతో ఏ వీధివి ఆ వీధిలోనే వదిలి వస్తారు. నన్నడిగితే ఈ ఆశ్రమం చేసే అన్ని పనుల్లోకీ పెద్ద పని ఇదే. చూడవచ్చిన వాళ్లు ఫొటో తీసుకునే పని మాత్రం కాదు. ఇంక చోటు లేదు, తీసుకోను అని చెప్పగలగడం కూడా ఆ లెక్కలోదే. ఆ మాట అన్నందుకు అక్కను తిట్టిపోసిన వాళ్లున్నారు. నలభైకి యాభై చేసి కిక్కిరిస్తే పార్వో ఇట్టే పాకిపోతుందని వాళ్లకు ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం మూడు ఆడకుక్కల్ని ఆపరేషన్‌కు టౌనుకు పంపాలి. మా కారులో ఒక బోను కూడా పట్టలేదు. ఆటో వచ్చింది. కుక్కలంటే బాడుగ రెట్టింపు అన్నాడు డ్రైవరు. సీటు కడుక్కోవాలి, వాసన పోదు, ఆ రోజుకు ఇంక బేరం ఉండదు. అతని మాటలోనూ న్యాయముంది. అక్క వాళ్లాయన పాత గుడ్డలు పరిచి, అలవాటైన బేరమే ఆడి, వంద తగ్గించాడు. నెల ఖర్చుల పుస్తకం చూపిస్తే మందులకన్నా బాడుగల కాలమ్ పొడుగ్గా ఉంది. దుప్పట్లకన్నా పాత ట్రాలీ ఆటో ఒకటి ఎవరైనా ఇస్తే బాగుండునని డాక్టరు అంది.

బోన్లు ఎక్కిస్తూ డ్రైవరు వాటిలోకి తొంగి చూశాడు.

“టీచరమ్మా, చేన్లో అడవిపందులు పడి శనగ్గాయంతా తవ్వేస్తాండాయి. ఒకటి నాకీకూడదా?”

“ఇస్తా. ఆపరేషన్ అయి కుట్లు మానినాక.”

“ఆపరేషన్ చేస్తే కావలి కాయవంటారే?”

“ఎవురన్నారు? కర్రోడికి అయ్యి నాలుగేండ్లాయ, పోయినేడు చిరతపులిని తరిమినాడు. గొర్రెల మందోణ్ణి పోయి అడుగు.”

అతను కాస్త ఆలోచించి, అట్లయితే పోను బాడుగ ఒక్కటే ఇవ్వమన్నాడు. అక్క పుస్తకం తీసి అతని ఫోన్ నంబరు రాసుకుంది.