పాత బ్యాచ్‌తో శ్రీలంక: మనుషుల్ని కాదు, పెట్టెల్ని లెక్కపెట్టండి

చెన్నై నుంచి కొలంబోకి విమానం ఎక్కితే గంటన్నర, గడియారం కూడా తిప్పక్కర్లేదు. తిప్పలన్నీ దిగాకే.

14 మందికి 18 సీట్ల వ్యాన్ చాలనుకుంటారు. చాలదు. డిక్కీ నామమాత్రం. పెట్టెలు వెనక వరస మింగేసి, మిగిలినవి నడవలోకి వస్తాయి. పాతిక సీట్ల బండే అడగండి.

సిగిరియా రాతికొండ కోటకి దాదాపు 1,200 మెట్లు. గేటు తెరిచేసరికే అక్కడుండాలి, పది దాటితే రాయి పెనమే. దారిలో పెద్ద సింహం పాదాల శిల్పం దగ్గర చదునైన చోటుంది. నొప్పి మోకాళ్లకి అక్కడిదాకా చాలు. ఆపైన సన్నటి ఇనుప మెట్లు, మధ్యలో వెనక్కి తిరగడం కష్టం. హాస్టల్ నాటి కేకలు అక్కడ వద్దు, కందిరీగలు లేస్తాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంతాలయంలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. షార్ట్స్ రాయుళ్ల కోసం నాలుగు లుంగీలు పెట్టెలో పడేయండి. కొండ ఊరు నువరఎలియా 1,800 మీటర్ల పైన, చెన్నైవాళ్లు స్వెటరు కొనుక్కోవాల్సిందే. ఘాట్ మలుపులకి ముందు పొట్టనిండా తిననివ్వకండి, అల్లం మురబ్బా చేతిలో ఉంచండి.

టికెట్లు తీసేముందు పంచాంగం చూడండి. పౌర్ణమికి అక్కడ పోయా సెలవు, మద్యం అమ్మరు. ఆ సాయంత్రమే రీయూనియన్ పార్టీ పెట్టారో, కొబ్బరిబొండాలతో చీర్స్ కొట్టుకోవాలి.