జయపురం నుంచి జగదల్‌పూర్ ఎయిర్‌పోర్టుకి, నాన్నతో

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. మొన్న డిసెంబరులో నాన్నని కంటి పరీక్షకి హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వచ్చింది. మా ఊళ్లోనూ ఎయిర్‌పోర్టు ఉంది, 2022 అక్టోబరు 31న భువనేశ్వర్‌కి తొమ్మిది సీట్ల సెస్నా విమానం మొదలైంది, కానీ ఇక్కణ్ణుంచి హైదరాబాద్‌కి నేరుగా వెళ్లేది లేదు.

ఇదివరకు విమానం ఎక్కాలంటే మాకు విశాఖే. రోడ్డు మీద సుమారు 220 కిలోమీటర్లు, కారులో ఆరు గంటలు. ఆ ఆరు గంటలు కూడా మామూలు ఆరు గంటలు కాదు, మా ఊరు దాటగానే ఘాటీ ఎక్కి కోరాపుట్, అక్కడి నుంచి మళ్లీ సుంకి ఘాటీ మలుపులన్నీ దిగితే గానీ సాలూరు రాదు, నాన్నకేమో రెండో మలుపుకే కడుపులో తిప్పేస్తుంది. పోయినసారి సాలూరు చేరేసరికి మనిషి వాడిపోయాడు. అది చూశాక మళ్లీ ఆ దారిన తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే ఈసారి పక్కనే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న జగదల్‌పూర్. మ్యాప్ మీద గీత గీస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య 60 కిలోమీటర్లే, రోడ్డు మీద 80 దాకా వస్తుంది. అటువైపు ఘాటీ లేదు, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా దాదాపు చదును నేల. రెండు గంటల్లో వెళ్లిపోతామని అందరూ అన్నారు. అదీ నిజమే, కోతల కాలం కాకపోతే.

ఎనిమిదిన్నరకి బయల్దేరాం. బొరిగుమ్మ దాకా పొగమంచు, తర్వాత ధాన్యం బస్తాల ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి. కోట్‌పాడ్‌లో అయితే అరగంట కదల్లేదు. గంట ముందే కౌంటర్ మూసేస్తారన్న టెన్షన్‌లో నేను గడియారం చూస్తుంటే, నాన్న మాత్రం కిటికీలోంచి చూస్తూ, "మీ అమ్మ ఎర్ర చీర ఇక్కడే కొన్నాన్రా" అన్నాడు. ఆల్ చెట్టు వేళ్లతో రంగేసి నేసే బట్ట అది, 2005లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అన్న ముద్ర, వచ్చింది. అమ్మ పోయి ఆరేళ్లవుతున్నా ఆ చీర ఎరుపు ఇంకా తగ్గలేదు. ఆగి ఒక తువ్వాలైనా కొనాలనిపించింది గానీ టైం లేదు.

ధన్‌పుంజీ దగ్గర ఛత్తీస్‌గఢ్‌లోకి దాటి, పదకొండింటికి ఎయిర్‌పోర్టులో ఉన్నాం. ఊరికి ఆనుకునే ఉంటుంది, చిన్నది, కారు దిగిన చోటు నుంచి నాన్న చేతికర్ర పట్టుకుని సొంతంగా నడిచి లోపలికి వచ్చాడు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో వీల్ చైర్ కోసం ఎదురుచూపులు పడినవాళ్లకి ఇదెంత హాయో తెలుస్తుంది. పన్నెండూ ముప్పావుకి ఎగరాల్సిన ఏటీఆర్ విమానం అరగంట ఆలస్యం. గాల్లో గంటా ఇరవై నిమిషాలు, తర్వాత హైదరాబాద్ ట్రాఫిక్. బంధువుల ఇంటికి చేరేసరికి నాలుగున్నర.

ఇంటి నుంచి ఇంటికి ఎనిమిది గంటలు. విశాఖ మీదుగా పోయినసారి పదకొండు పట్టింది. మీరూ ఇటు నుంచి వెళ్తుంటే డిసెంబరులో రోడ్డుకి మూడు గంటలు లెక్కేసుకోండి, పెద్దవాళ్లు వెంట ఉంటే ఇంకో అరగంట. నాన్నకి ఫిబ్రవరిలో మళ్లీ చూపించాలి. ఈసారి ఏడున్నరకే బయల్దేరి కోట్‌పాడ్‌లో ఆగుతాం.