నా ఆల్‌టైమ్ టెస్టు జట్టు

ఎన్నో ఏళ్లుగా మనసులో రాస్తూ, కొట్టేస్తూ వచ్చిన నా టెస్టు జట్టు ఇప్పటికి ఒక కొలిక్కి వచ్చింది. ఓపెనర్లుగా జాక్ హాబ్స్, సునీల్ గవాస్కర్ ఉంటారు. హెల్మెట్ లేని కాలంలో వెస్టిండీస్‌పై 13 శతకాలు చేసిన గవాస్కర్ విషయంలో నాకు రెండో ఆలోచనే రాలేదు. 99.94 సగటు గల బ్రాడ్‌మన్ మూడో స్థానం గురించి చర్చ అనవసరం. ఆ తర్వాత టెండూల్కర్, రిచర్డ్స్ వస్తారు. 8032 పరుగులు, 235 వికెట్లు సాధించి, పేస్‌తో పాటు రెండు రకాల స్పిన్ కూడా వేయగలిగిన సోబర్స్ ఆరో స్థానంలో ఉంటే కెప్టెన్‌కు అదనంగా మరో బౌలర్ దొరికినట్టే. వికెట్ల వెనుక గిల్‌క్రిస్ట్ ఉంటాడు.

నన్ను ఎక్కువగా వేధించింది పేస్ విభాగమే. లిల్లీని వదులుకోవడం నిజంగా బాధ కలిగించింది, కానీ ఎడమచేతి వాటం కోసం అక్రమ్‌ను తీసుకున్నాక మిగిలిన ఒక్క చోటు మార్షల్‌కే ఇవ్వాలనిపించింది. 1984లో ఇంగ్లండ్‌లోని హెడింగ్లీ మైదానంలో ఎడమ బొటనవేలు విరిగినా, సహచరుడు గోమ్స్ శతకం పూర్తి చేసుకునేందుకు ఒంటిచేత్తో బ్యాటింగ్ చేసి, ఆ వెంటనే కట్టుతోనే బంతి అందుకుని 53 పరుగులకు 7 వికెట్లు తీసిన మనిషిని పక్కన పెట్టడం నా వల్ల కాలేదు.

స్పిన్‌కు వార్న్, మురళీధరన్ ఇద్దరూ ఉండాల్సిందే. వార్న్ బంతి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా, మురళీధరన్‌ది లోపలికి తిరుగుతుంది. కెప్టెన్సీ మాత్రం బ్రాడ్‌మన్‌కే అప్పగిస్తున్నాను.