ఒకసారి తడబడిన హార్డ్ డిస్క్‌ను మళ్లీ నమ్మవచ్చా?

హార్డ్ డిస్క్ చదవలేని సెక్టారును (సమాచారం రాసుకునే చిన్న గడిని) ఒక్కసారి చూపించినా, మరెక్కడా నకలు లేని ఫైళ్లను ఇక దానిమీద ఉంచకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. అలాగని పసుపు రంగు హెచ్చరిక కనబడిన ప్రతి డిస్క్‌నూ పారేయమనడం కూడా సరికాదు. ఆ హెచ్చరికలలో దేనిని వెంటనే నమ్మాలో, దేనికి కంగారు పడనక్కరలేదో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది.

గుంటూరులో ఫోటో స్టూడియో నడుపుతున్న ఒక మిత్రుడి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ విషయంలో ఇదంతా దగ్గరగా చూసే అవకాశం కలిగింది. పెళ్లి ఫోటోల ఫోల్డర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని, కాపీ చేస్తుంటే ఒకచోట ఆగిపోతోందని అతడు చెప్పాడు. "షాపులో అడిగితే చెక్‌డిస్క్ కొట్టమన్నారన్నా, కొట్టేయనా?" అన్నాడు. చెక్‌డిస్క్ అంటే విండోస్‌లోనే ఉండే, డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రాం. ఆగమని చెప్పి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను (వీటినే స్మార్ట్ అంటారు) చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అన్న ప్రోగ్రాంను ముందు తెరవమన్నాను. కాషన్ అన్న పసుపు గుర్తు కింద, సీ5 వరుసలో, అంటే చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల లెక్క దగ్గర, చివర 10 అని కనిపించింది. ఆ ప్రోగ్రాం మామూలుగా ఈ అంకెలను హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, చూపిస్తుంది కనుక అది పది కాదు, 16. ఇప్పటి డిస్క్‌లలో అసలు సెక్టారు 4096 బైట్లు ఉండి, బయటికి 512 బైట్ల ముక్కలుగా లెక్కకు వస్తుంది కాబట్టి, ఆ 16 అన్నది నిజానికి డిస్క్ పళ్లెం మీద రెండు చోట్ల వచ్చిన దెబ్బ.

రెండు చోట్లే కదా అనిపించవచ్చు. కాని పెండింగ్ అన్న మాటకు అర్థమేమిటో చూడాలి. డిస్క్ ప్రతి సెక్టారుతోపాటు తప్పులు సరిచేసుకునే అదనపు సమాచారాన్ని కూడా రాసుకుంటుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఆ సమాచారం సాయపడినా చదవలేకపోయినప్పుడు, ఆ చోటును పెండింగులో పెట్టి, మళ్లీ ఎవరైనా దానిమీద రాసేవరకు ఎదురుచూస్తుంది. రాసినప్పుడు ఆ చోటు బాగానే పనిచేస్తే లెక్క తగ్గుతుంది, పనిచేయకపోతే దానికి బదులుగా వేరుగా అట్టిపెట్టుకున్న ఒక సెక్టారును కేటాయించి, 05 వరుసలో ఉండే, ఇలా మార్చిన సెక్టార్ల లెక్కను పెంచుతుంది. పూర్తి ఫార్మాట్ చేయగానే డ్రైవ్ బాగైపోయిందని చాలామంది చెప్పేది ఇందువల్లే. బాగైనది అంకె మాత్రమే, అక్కడ ఉన్న ఫోటో అప్పటికే పోయింది.

చెక్‌డిస్క్ మొదట వద్దనడానికి కూడా కారణం ఉంది. పాడైన సెక్టార్లను వెతికే ఆర్ ఆప్షన్‌తో నడిపితే అది డిస్క్ మొత్తాన్ని చదివించి, నీరసించిన యంత్రానికి గంటల తరబడి పని పెడుతుంది. పైగా అది ఫైల్ సిస్టంను ఒక క్రమంలోకి తెస్తుందే తప్ప మన ఫైళ్లను కాపాడదు. ఆ క్రమంలో కొన్ని ఫైళ్ల వివరాలనే మార్చివేయవచ్చు. అందువల్ల లినక్స్‌లో, దెబ్బతిన్న డిస్క్‌ల నుంచి సమాచారం తీసే డీడీరెస్క్యూ అన్న ప్రోగ్రాం నడిపి, మరో మంచి డిస్క్‌లోకి మొత్తం నకలు తీశాము. అది మొదట సులువుగా వచ్చే భాగాలన్నీ తీసుకుని, మొరాయించిన చోట్లను దాటిపోయి, వాటి దగ్గరికి చివరలో వస్తుంది. ఎక్కడివరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి. ఒక తలంబ్రాల ఫోటో మాత్రం పైసగం స్పష్టంగా, కిందిసగం బూడిద రంగు పట్టీగా మిగిలింది.

ఇంతకీ ఇటువంటి డిస్క్‌ను ఎందుకు నమ్మరాదంటే, 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉపరితల తనిఖీలో మొదటి తప్పు కనబడిన డిస్క్ ఆ తరువాతి 60 రోజులలో పాడయ్యే అవకాశం, అటువంటి తప్పు లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువ. అదే అధ్యయనంలో, పాడైన డిస్క్‌లలో 36 శాతానికి పైగా స్మార్ట్ లెక్కలలో ఏ తప్పూ చూపకుండానే పోయాయని కూడా తేలింది. నాకు ఈ రెండో అంకె మొదటిదానికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే స్మార్ట్ పరీక్షలో పాస్ అని వచ్చిందని ధీమాగా ఉండేవారే ఎక్కువ. ఆ పాస్ అన్న మాటకు అర్థం తయారీదారు పెట్టిన హద్దును ఏ అంకే ఇంకా దాటలేదని మాత్రమే, ఆ హద్దులేమో చాలా ఉదారంగా ఉంటాయి. పదుల కొద్దీ సెక్టార్లు పోయిన డిస్క్ కూడా పాస్ కావచ్చు.

అకారణంగా భయపెట్టే అంకెలు కూడా ఉన్నాయి. సీగేట్ డ్రైవులలో 01 వరుసలో, అంటే చదవడంలో వచ్చిన తప్పుల రేటు దగ్గర, కోట్ల అంకె కనబడితే గాభరా పడనక్కరలేదు, వాళ్లు చదివిన సెక్టార్ల లెక్కను కూడా అందులోనే కలిపి రాస్తారు. డిస్క్‌కు, కంప్యూటర్‌కు మధ్య సమాచారం చేరడంలో వచ్చిన తప్పులను లెక్కించే సీ7 వరుస పెరుగుతోందంటే తప్పు చాలావరకు కేబుల్‌ది, మార్చి చూస్తే ఆ పెరుగుదల ఆగుతుంది. 05 వరుసలో చిన్న అంకె వచ్చి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ డిస్క్‌ను రెండో, మూడో ప్రతికి వాడుకోవడం నాకు అభ్యంతరకరంగా తోచదు. అయితే సమాచారమంతా బయటికి తీసిన తరువాతే డిస్క్ మొత్తం ఒకసారి రాయించి, ఆపైన స్మార్ట్ దీర్ఘ పరీక్ష చేయించి, అంకెలు ముందు, తరువాత ఎలా ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. మిత్రుడి డ్రైవ్‌లో ఈ పరీక్ష తరువాత సీ5 సున్నాకు వచ్చింది కాని 05 పెరిగింది, కొద్ది రోజులకు సీ5 మళ్లీ మొదలైంది. అక్కడితో దానిని పక్కన పెట్టించాను.

టక్ టక్ మని శబ్దం చేస్తున్న డిస్క్ సంగతి పూర్తిగా వేరు. దానిమీద ఏ ప్రోగ్రామునూ నడపకూడదు, వెంటనే కరెంటు తీసివేయాలి. పళ్లేనికి, దానిమీద తేలుతూ చదివే, రాసే హెడ్‌కు మధ్య ఎడం కొద్ది నానోమీటర్లు మాత్రమే కనుక, పళ్లెం తిరిగే ప్రతి క్షణం దెబ్బతిన్న హెడ్ ఉపరితలాన్ని గీకివేయవచ్చు. ఇంట్లో మూత తీసి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టి తీయడం వంటి చిట్కాలను దయచేసి నమ్మకండి. దుమ్ము, తడి చేరితే రికవరీ ల్యాబ్‌లో దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్నా ప్రయోజనం ఉండకపోవచ్చు. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీలకైతే ఈ శబ్దం కూడా ఉండదు, చాలాసార్లు ఏ ముందస్తు సూచనా లేకుండా ఒక్కసారిగా కనబడకుండా పోతాయి.

వారంటీ ఉన్న డిస్క్ అయితే, కంపెనీ సొంత పరీక్షా ప్రోగ్రాంలో తప్పు చూపగానే మార్చి ఇస్తారు. కాని వారంటీ వస్తువుకే వర్తిస్తుంది, అందులోని ఫోటోలకు కాదు. పంపిన పాత డిస్క్ తిరిగి రాదు కనుక, అది ఇంకా రాయనిస్తున్నంతలోనే, నకళ్లన్నీ తెరుచుకుంటున్నాయో లేదో సరిచూసుకుని, మొత్తం సున్నాలతో నింపి పంపడం మంచిది. రాయనివ్వని స్థితిలో ఉండి, లోపల ఇతరుల కుటుంబాల ఫోటోలు ఉన్నాయంటే, ఆ మార్పిడిని వదులుకోమనే మిత్రుడికి చెప్పాను.